అవలాంచ్ అలర్ట్: మంచు కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్తున్నారా? అడుగేసే ముందు ఇవి చెక్ చేసుకోండి..

చలికాలం వచ్చిందంటే హైదరాబాద్, వైజాగ్ నుంచి చాలామంది హిమాలయాల ట్రెక్‌లకు క్యూ కడుతుంటారు. అయితే తెల్లగా, ప్రశాంతంగా కనిపించే మంచు వాలు క్షణాల్లో కూలిపోవచ్చు. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపది కా దండా-2 శిఖరం దగ్గర మంచు చరియలు విరిగిపడి 29 మంది ప్రాణాలు కోల్పోయారు. ఎవరెస్ట్, మకాలు శిఖరాలను 16 రోజుల తేడాతో ఎక్కిన సవితా కన్స్వాల్ కూడా వారిలో ఉన్నారు. అంటే అనుభవం ఒక్కటే కాపాడదు.

ఎందుకు కూలుతుంది?
మంచు ఒకేసారి కురవదు, పొరలు పొరలుగా పేరుకుంటుంది. మధ్యలో ఒక పొర పంచదార పలుకుల్లా వదులుగా ఉంటే, పైనున్న గట్టి పలక దాని మీద నిలవదు. మనిషి బరువు పడినా చాలు, జారిపోతుంది.

వాలు ఎంత?
30 నుంచి 45 డిగ్రీల వాలు చాలా డేంజర్. ఫోన్‌లోని యాంగిల్ యాప్‌తోనూ కొలవొచ్చు. మీరు నిలబడిన చోటు చదునుగా ఉన్నా, పైన నిటారు వాలు ఉంటే ముప్పు ఉన్నట్టే.

ఈ సంకేతాలు కనిపిస్తే వెనక్కి వచ్చేయండి
* చుట్టుపక్కల కొత్తగా చరియలు పడిన ఆనవాళ్లు
* అడుగు వేయగానే లోపలి నుంచి 'ధబ్' మనే శబ్దం
* కాళ్ల దగ్గర నుంచి పాకే పగుళ్లు
* గత 24 గంటల్లో భారీ మంచు, వాన లేదా బలమైన గాలి
* ఒక్కసారిగా పెరిగిన ఎండ

గుంట తవ్వి చూస్తారు
నిపుణులు గుంట తవ్వి, 30 సెంటీమీటర్ల చదరపు మంచు స్తంభాన్ని వేరు చేస్తారు. దానిపై పార పెట్టి మణికట్టుతో 10, మోచేతితో 10, భుజంతో 10 దెబ్బలు వేస్తారు. తక్కువ దెబ్బలకే పొర విడిపోతే అక్కడ మంచు బలహీనంగా ఉన్నట్టు. విడిపోలేదని కొండంతా సేఫ్ అనుకోవద్దు. పది అడుగుల అవతల పరిస్థితి వేరుగా ఉండొచ్చు.

బులెటిన్ చూశారా?
డీఆర్‌డీవోకు చెందిన చండీగఢ్‌లోని డీజీఆర్‌ఈ సంస్థ అవలాంచ్ హెచ్చరికలు ఇస్తుంది. బయల్దేరే రోజు ఉదయం తప్పకుండా చూడండి.

ఇవి లేకుండా వెళ్లొద్దు
ట్రాన్స్‌సీవర్, ప్రోబ్ కర్ర, పార.. ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. వాలు దాటేటప్పుడు ఒక్కొక్కరుగా వెళ్లాలి. మంచులో కూరుకుపోయిన వారికి మొదటి 10-15 నిమిషాలే కీలకం. రెస్క్యూ టీమ్ వచ్చేలోపు ఆ టైమ్ అయిపోతుంది. కాబట్టి కాపాడాల్సింది పక్కనున్న మీరే.