చెవిలోకి కరెంటు

నా సర్వీసంతా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కరెంటు పనిలోనే గడిచింది. జిన్నింగు మిల్లులకు, మిరప కోల్డు స్టోరేజీలకు ఇచ్చిన ఆ కరెంటు చెవికీ పనికొస్తుందని రిటైరయ్యాకే చదివాను.

1800 ప్రాంతంలో ఓల్టా తన బ్యాటరీ తీగలను రెండు చెవుల్లో పెట్టుకున్నాడు. తలలో దెబ్బ తగిలినట్టయి, చిక్కటిదేదో కుతకుత ఉడుకుతున్న చప్పుడు వినిపించిందట. మళ్లీ ఆ జోలికి పోలేదు. మన లైన్‌మెన్లకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు!

1957లో పారిస్‌లో జూర్నో, ఎరియెస్ ఒక బధిరుని శ్రవణ నాడి దగ్గర తీగ అమర్చారు. 1961లో లాస్ ఏంజెలిస్‌లో విలియం హౌస్, 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ ఆ పనిని ముందుకు నడిపారు.

మనం పెట్టుకునే చెవి మిషను శబ్దాన్ని పెద్దది చేస్తుంది, అంతే. కాక్లియర్ ఇంప్లాంట్ అలా కాదు. చెవి వెనుక మైకు పట్టిన మాటను ప్రాసెసర్ సంకేతాలుగా మార్చి చర్మం గుండా లోపలికి పంపుతుంది. నత్తగుల్ల ఆకారపు లోపలి చెవిలో ఉంచిన సన్నని ఎలక్ట్రోడ్లు, చెడిపోయిన కణాలతో పని లేకుండా, నేరుగా నాడినే తట్టిలేపుతాయి. లోపలి కొసన తట్టితే బొంగురు స్వరం, మొదట్లో తట్టితే కీచు స్వరం.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ మన పేద పిల్లలకు దీన్ని అందించింది, ఒక్కొక్కరికి 6.5 లక్షల రూపాయల వరకు. అయితే ఆపరేషనుతోనే అయిపోదు. పుట్టుకతో వినని బిడ్డకు శబ్దమంటేనే కొత్త. నెలల తరబడి మాట నేర్పించాలి. పత్తి తీతలకు, మిరప కోతలకు కూలికెళ్లే తల్లి పని ఎన్నాళ్లని మానుకుంటుంది? మా వీధి పాపను వాళ్ల తాతయ్యే వారం వారం బస్సులో తీసుకెళ్లేవాడు. ఆ పిల్ల మొదట గుర్తుపట్టిన శబ్దం కుక్కరు విజిలట.