వెల్ల కరిగిన తర్వాత

యుద్ధాన్ని ఆటగా మార్చుకోవడం ఇవాళ పుట్టిన అలవాటు కాదు. చదరంగం మన నేల మీద పుట్టింది. రథ, గజ, తురగ, పదాతులను గళ్లలో నిలిపి పోరాడించిన ఆట అది. దానినే పెంచి 1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్‌లో హెల్విగ్ ఒక సైనిక క్రీడను రూపొందించాడు. 1824లో ప్రష్యా సైన్యం రైస్విట్జ్ తయారుచేసిన ‘క్రీగ్‌స్పీల్’ను తన అధికారుల శిక్షణకు స్వీకరించింది. 1970లో అమెరికాలో వెలువడిన ‘పాంజర్‌బ్లిట్జ్’ రెండవ ప్రపంచ యుద్ధపు తూర్పు రణరంగాన్ని ఇంట్లోని బల్ల మీదికి తెచ్చింది. 2010లో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్’ ట్యాంకుల పోరును కంప్యూటర్ తెర మీదికీ, ఆ తర్వాత అరచేతిలోని ఫోనులోకీ తెచ్చింది. ఆటలు మారడం మీద మనకు అభ్యంతరం లేదు. మన ప్రశ్న వేరు. యుద్ధం ఆటగా మారేటప్పుడు చరిత్రలో ఏది మిగులుతుంది? ఏది రాలిపోతుంది? ఈ ప్రశ్నతో సాహిత్యానికి సంబంధం లేదనుకోవడానికి వీల్లేదు. చరిత్రను వస్తువుగా తీసుకునే ప్రతి కళారూపమూ దీనికి జవాబు చెప్పుకోవలసిందే.

లక్డీకాపూల్‌లో నేను తెలుగు పాఠం చెప్పే పిల్లల్లో కొందరు ఈ ఆటలు ఆడతారు. వారిలో ఒకడు జర్మన్ ‘యాగ్ట్‌పాంథర్’ ముందుభాగపు కవచం 80 మిల్లీమీటర్లని తడుముకోకుండా చెప్పగలడు. దానికి మంచుకాలంలో ఏ రంగు వేస్తారో చెప్పగలడు. ఆ రంగు వేసుకున్న సైన్యం ఎవరి దేశంలో, ఎందుకు నిలబడిందో మాత్రం చెప్పలేడు. ఆ లోపం కుర్రవాడిది కాదు. అతనికి అందిన చరిత్రే అలా తయారయి వచ్చింది. ఆ తయారీ ఎలాంటిదో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జర్మన్లు ‘పాంజర్‌యేగర్’ అన్నారు. ట్యాంకుల వేటగాడు అని అర్థం. మామూలు ట్యాంకు మీద చుట్టూ తిరిగే బురుజు ఉంటుంది, ఫిరంగి అందులో ఉంటుంది. ఈ విధ్వంసక శకటాల్లో చాలావాటికి ఆ బురుజు లేదు. ఫిరంగిని శకటం మొండెంలోనే బిగించారు. దీనివల్ల ఖర్చు తగ్గింది, ఎత్తు తగ్గింది, అదే శకటం మీద మరింత పెద్ద ఫిరంగిని మోయించడం సాధ్యమయింది. ఇబ్బంది కూడా అందులోనే ఉంది. పక్కనుంచి శత్రువు వస్తే ఫిరంగిని తిప్పి కొట్టలేదు, బండి మొత్తం తిరగాలి. కాబట్టి మాటువేసి కొట్టడమే దీని పద్ధతి. మాటువేసేవాడికి కవచం ఎంత ముఖ్యమో కనపడకపోవడం అంత ముఖ్యం. ట్యాంకు విధ్వంసకాల చరిత్రలో రంగుకు అంత స్థానం రావడానికి కారణం ఇదే.

ఈ శకటాల పుట్టుపూర్వోత్తరాలు చూస్తే మరో సంగతి బయటపడుతుంది. 1940లో రంగంలోకి దిగిన మొదటి పాంజర్‌యేగర్ మీది 47 మిల్లీమీటర్ల ఫిరంగి జర్మనీది కాదు, కబళించిన చెకొస్లోవేకియాది. 1942లో వచ్చిన ‘మార్డర్’ శకటాల్లో ఒక రకానికి అడుగుభాగం చెక్‌లది, ఫిరంగి సోవియట్ సైన్యం నుంచి పట్టుకున్నది. ఆటగాళ్లు ముద్దుగా ‘హెట్జర్’ అని పిలుచుకునే చిన్న శకటాన్ని 1944 ఏప్రిల్ నుంచి ప్రాగ్‌లోనూ, తర్వాత ప్ల్జెన్‌లోనూ సుమారు 2,800 వరకు తయారుచేశారు. 250 మిల్లీమీటర్ల కవచంతో భయపెట్టే ‘యాగ్ట్‌టైగర్’ తయారయింది ఆస్ట్రియాలోని సాంక్ట్ వాలెంటిన్ కర్మాగారంలో. 1944లో అక్కడ మౌత్‌హౌజెన్ నిర్బంధ శిబిరానికి చెందిన ఉపశిబిరం ఉండేది. ఖైదీల చేత ట్యాంకుల పని చేయించారు. జర్మన్ సాంకేతిక ప్రతిభ అని పొగిడేదానిలో దోపిడి ఎంత, బానిస చాకిరీ ఎంత అని విడదీసి చూపే పట్టిక ఏ ఆటలోనూ కనపడదు. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ చదువుకున్న మనకు ఆ పట్టిక అవసరమేమిటో విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక తెల్లరంగు సంగతి. 1941 జూన్ 22న సోవియట్ యూనియన్ మీద దాడికి దిగిన హిట్లర్ సైన్యం చలికాలానికి ముందే యుద్ధం ముగిసిపోతుందని నమ్మింది. చలిబట్టలు చాలినన్ని లేవు. తెల్లరంగూ లేదు. ముదురు బూడిదరంగు ట్యాంకులు మంచు మైదానంలో నల్లటి మచ్చల్లా కనపడ్డాయి. అప్పుడు సున్నం పూశారు, సుద్ద పూశారు, తెల్ల దుప్పట్లు కప్పారు. మన ఊళ్లలో పండుగ ముందు గోడలకు వేసే వెల్ల లాంటిదే అది. మంచు కరిగే నాటికి వర్షానికీ రాపిడికీ రాలిపోయేది, రాలిపోవాలనే వేసేది. 1941 డిసెంబరు 5న మాస్కో ముందు ఎర్రసైన్యం ఎదురుదాడి మొదలుపెట్టినప్పుడు ఆ సైనికులూ తెల్లని పైబట్టల్లో మంచులోంచి లేచి వచ్చారు. రంగు ఇద్దరిదీ ఒకటే. ఒకరు ఇతరుల నేలను కాజేయడానికి వేసుకున్నారు, ఒకరు తమ నేలను కాచుకోవడానికి వేసుకున్నారు. రంగును మాత్రమే చూసేవాడికి ఈ తేడా ఎన్నటికీ తెలియదు.

అదే శీతకాలంలో మరో సంగతి జరిగింది. జర్మన్ల చేత చిక్కిన సోవియట్ యుద్ధఖైదీలను ముళ్లకంచెల మధ్య, చాలాచోట్ల పైకప్పు కూడా లేని బయలులో ఉంచారు. తిండి పెట్టలేదు. ఆ యుద్ధంలో పట్టుబడిన సుమారు 57 లక్షల మందిలో 33 లక్షల మంది చనిపోయారనీ, అందులో దాదాపు 20 లక్షల మంది 1942 ఫిబ్రవరి లోపలే పోయారనీ చరిత్రకారుల అంచనా. ట్యాంకుకు దుప్పటి దొరికిన చలికాలంలో మనిషికి దొరకలేదు. ‘వింటర్ కామోఫ్లాజ్’ అన్న మాట విన్నప్పుడల్లా ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడగలగాలి. ఆ చూపు పేరే చారిత్రక దృక్పథం.

ఆటలో ఏం జరుగుతుంది? ‘వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్’లో మంచుకాలానికీ, వేసవికీ, ఎడారికీ వేర్వేరు రంగులున్నాయి. ఆటలో సంపాదించిన సొమ్ముతోనో, అసలు సొమ్ముతోనో కొనుక్కోవచ్చు. రంగు వేసిన శకటం శత్రువు కంట పడే అవకాశం కొంత తగ్గుతుంది. లెక్క చాలా నిక్కచ్చిగా ఉంటుంది. స్వస్తిక గుర్తు మాత్రం ఉండదు. నాజీ చిహ్నాల ప్రదర్శనను జర్మన్ చట్టం నిషేధించింది, బొమ్మ ట్యాంకుల పెట్టెల మీద కూడా ఆ గుర్తు చాలావరకు కనపడదు. ఆ చట్టం సబబైనదే. అయితే గుర్తును తీసేసినవారు దాని స్థానంలో ఏమీ చెప్పలేదు. దాంతో ట్యాంకుకు రాజకీయం లేకుండా పోయింది, అందమైన యంత్రం మాత్రమే మిగిలింది. అట్ట మీద గుర్తు చెరిపితే అపరాధం కూడా చెరిగిపోయినట్టయింది.

ఈ పరిశుభ్రతకు పునాది వేసింది ఆటలవాళ్లు కాదు, సేనానుల ఆత్మకథలు. గుడేరియన్ పుస్తకం 1951లో వచ్చింది. మాన్‌స్టైన్‌ను 1949లో బ్రిటిష్ సైనిక న్యాయస్థానం యుద్ధ నేరస్థుడిగా తేల్చి 18 ఏళ్ల శిక్ష వేసింది. 1953లో విడుదలయ్యాడు. 1955లో తన ‘పోయిన విజయాలు’ గురించి పుస్తకం రాశాడు. తప్పులన్నీ హిట్లర్‌వి, నేర్పంతా సైన్యానిది అన్న కథ ఇలాంటి పుస్తకాల నుంచే ప్రచారంలోకి వచ్చింది. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో సోవియట్ వ్యతిరేకతకు ఆ కథ పనికివచ్చింది కనుక పాశ్చాత్య ప్రపంచం దాన్ని ప్రశ్నించకుండా చదివింది. అట్టముక్కల ఆటలు ఆ చదువు మీద పెరిగాయి.

సాహిత్య విమర్శలో మనం దీన్ని రూపవాదం అంటాం. వస్తువును పక్కకు నెట్టి రూపాన్నే సర్వస్వంగా లెక్కించడం. ట్యాంకు రంగును ఛాయలతో సహా వర్ణించి, దాని దారిలో నలిగిన ఊరిని చెప్పని చరిత్రకూ, రాజుగారి కిరీటంలో రత్నాలు లెక్కపెట్టి, పన్ను కట్టలేక పరారైన రైతును మరచిపోయే మన చారిత్రక నవలలకూ తేడా ఏముంది? వివరాలు నిజమైనవే, మొత్తం అబద్ధం. వివరం ఎంత నిక్కచ్చిగా ఉంటే అబద్ధం అంత బలంగా నిలబడుతుంది. ఇది మనం గుర్తించవలసిన ముఖ్యమైన విషయం.

వెల్ల ఇనుముకే కాదు, మాటకూ వేస్తారు. యుద్ధ శకటానికి ‘ట్యాంకు’ అన్న పేరే ఒక మాటు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వారు దాని తయారీని రహస్యంగా ఉంచడానికి నీళ్ల తొట్లు చేస్తున్నామని చెప్పారు. 1916లో అది యుద్ధభూమికి వచ్చాక కూడా పేరు అలాగే ఉండిపోయింది. చెరువులనే ట్యాంకులని పిలిచే నగరం మనది. లక్డీకాపూల్ నుంచి ఒక వైపు మాసబ్ ట్యాంక్, మరో వైపు ట్యాంక్‌బండ్. అసలు ట్యాంకులు ఈ నేల మీదికి 1948 సెప్టెంబరు 13న షోలాపూర్ వైపు నుంచి వచ్చాయి. షెర్మన్ ట్యాంకులు, స్టూవర్ట్ ట్యాంకులు, మేజర్ జనరల్ చౌదురి నాయకత్వంలో సాయుధ దళం. సైనికులకు అది ‘ఆపరేషన్ పోలో’. ప్రజలకు చెప్పిన పేరు ‘పోలీసు చర్య’. నిజాం నిరంకుశత్వం కూలడం ప్రజల కోరిక, వేలాది మంది రైతుల పోరాట ఫలం. హిట్లర్ దురాక్రమణతో దీన్ని ఒక గాటన కట్టడం అన్యాయం. అయినా ట్యాంకులతో చేసిన దాన్ని పోలీసు చర్య అన్నప్పుడు ఆ మాట కింద ఏమేమి దాగిపోయాయో అడగాలి. ఆ తర్వాత నెలల్లో జరిగిన హత్యాకాండలో 27 వేల నుంచి 40 వేల మంది వరకు పోయి ఉంటారన్న సుందర్‌లాల్ బృందం నివేదిక దశాబ్దాలపాటు ప్రజలకు అందలేదు. అదే సైన్యం 1951 దాకా తెలంగాణ రైతాంగం మీద నిలిచింది. పిల్లల పాఠ్యపుస్తకంలో ఇదంతా ఎంత చోటు ఆక్రమిస్తుందో ఉపాధ్యాయులందరికీ తెలుసు.

మరి రచయిత ఏం చేయాలి? జవాబు ‘వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్’ పుట్టిన చోటే ఉంది. ఆ ఆట తయారుచేసిన సంస్థ 1998లో బెలారస్ రాజధాని మిన్‌స్క్‌లో మొదలైంది. యుద్ధంలో తన జనాభాలో దాదాపు నాలుగోవంతును పోగొట్టుకున్న దేశం అది. అక్కడి ఖతీన్ గ్రామంలో 1943 మార్చి 22న 149 మందిని చంపారు. ఎక్కువ మందిని కొట్టంలో పెట్టి సజీవంగా తగలబెట్టారు. చనిపోయిన వారిలో 75 మంది పిల్లలు. అలేస్ అదమోవిచ్, ఆయన తోటి రచయితలు ఇద్దరు, ఇలా కాలిన గ్రామాలను వెతుక్కుంటూ వెళ్లి, బతికి బయటపడ్డ వారి మాటలను టేపుల మీద ఎక్కించి 1975లో పుస్తకంగా తెచ్చారు. ఆయనను గురువుగా చెప్పుకున్న స్వెత్లానా అలెక్సీవిచ్ 1985లో యుద్ధంలో పోరాడిన స్త్రీల గొంతులను అచ్చువేయించింది. ఒకే దేశం నుంచి ఆటా వచ్చింది, సాక్ష్యమూ వచ్చింది. ఆటలో ట్యాంకు కనపడుతుంది, సాక్ష్యంలో దాని ముందు నిలబడ్డ మనిషి కనపడతాడు.

మన దగ్గరా అలాంటి కృషి జరిగింది. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల చేతనే వారి అనుభవాలను చెప్పించింది. ఏ తుపాకి ఎంత దూరం పేలుతుందన్నది కాదు అందులో ముఖ్యం. ఆ తుపాకిని దాచిన ఇల్లు ఎవరిది, ఆ ఇంటి ఆడమనిషికి తర్వాత ఏమయింది అన్నది ముఖ్యం.

మన పల్లెల్లో రచ్చబండల మీద గీసుకుని ఆడే పులిజూదంలో మూడు పులులూ పదిహేను మేకలూ ఉంటాయి. పులికి కోరలున్నా మేకలన్నీ కలిసి దారులు మూసేస్తే కదలలేక ఓడిపోతుంది. ఆట ఆడించిన మన పూర్వులు మేక వైపునుంచి కూడా ఆలోచించారని దీని అర్థం. పిల్లలను ఆటలు మానమని చెప్పడం మన పని కాదు. తెర మీద తెల్లని పులులను చూస్తున్న వారికి మేకల కథ కూడా అందించడం మన పని. సున్నం వానకు రాలిపోతుంది. మాటకు వేసిన వెల్ల దానంతట అది రాలదు. దాన్ని గీకవలసింది కలం పట్టిన వాళ్లే.