నీటి హిసాబ్, మనుషుల హిసాబ్

హైదరాబాదులో పాతతరం వాళ్లు 1908 నాటి మూసీ వరదను 'తుగ్యానీ' అనేవారు. సెప్టెంబరు 28న వచ్చిన ఆ వరద దాదాపు 15 వేల ప్రాణాలు తీసింది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతుర్ని అందులోనే పోగొట్టుకున్నాడు. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు.

ఆ తర్వాత నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన ముందుగా హిసాబ్ తీశాడు. మూసీకి నీళ్లొచ్చే ప్రాంతంలో 788 చెరువులున్నాయనీ, వాటిలో 221 తెగాయనీ తేల్చాడు. ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) ఆ లెక్కల ఫలితమే. అలా నీటికి హిసాబ్ కుదిరింది. మరి మనుషుల సంగతి? ఇళ్లు కూలినవాళ్లు ఎవరి పంచన చేరారు, ఏ ఊరికి పోయారు, ఎన్నాళ్లకు తిరిగొచ్చారు? వేలమంది గురించి ఈ సంగతి రోజురోజుకూ చెప్పగల సాధనం ఆ జమానాలో లేదు.

నూరేళ్ల తర్వాత ఆ సాధనం మనుషుల జేబుల్లోకే వచ్చింది. ఫోను చేసినప్పుడల్లా ఆ కాల్ ఏ టవర్ నుంచి వెళ్లిందో కంపెనీ దగ్గర నమోదవుతుంది. 2010 జనవరి 12న హైతీ రాజధాని పోర్ట్-ఒ-ప్రిన్స్ భూకంపంలో కూలిపోయింది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు డిజిసెల్ అనే ఫోన్ కంపెనీకి చెందిన 19 లక్షల సిమ్ కార్డుల కదలికలను, పేర్లతో పనిలేకుండా, పరిశీలించారు. భూకంపం నాడు రాజధానిలో ఉన్నవాళ్లలో సుమారు 6 లక్షల 30 వేల మంది 19 రోజులు గడిచేసరికి నగరం వదిలారని అంచనా వేశారు.

నా నజర్‌లో అంతకన్నా విలువైనది 2012లో ఆ బృందమే బయటపెట్టిన సంగతి. వీళ్లు ఎక్కడికి పోయారు? అంతకుముందు క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో ఎక్కడున్నారో చాలావరకు అక్కడికే. ఖయామత్ ముంచుకొస్తే మనిషి దిక్కుతోచక పరుగెడతాడని అనుకుంటాం. కానీ అతని కాళ్లకు దారి తెలుసు. పండక్కి పిలిచిన ఇల్లే ఆపదలోనూ ఆసరా. మన దగ్గర ఈద్‌కీ, సంక్రాంతికీ కిక్కిరిసే బస్సులు ఎటు పోతాయో గమనిస్తే ఇది అర్థమవుతుంది.

దీని మతలబు చిన్నది కాదు. కూలిన నగరంలో శిబిరాలు తెరిస్తే సరిపోదు. ఒక్కసారిగా రెండు కుటుంబాల భారం మోస్తున్న రిష్తేదార్ల ఊళ్లకూ బియ్యం, మందులు, మంచినీళ్లు చేరాలి. 2010 అక్టోబరులో హైతీలో కలరా లేచినప్పుడు, డేటా చేతికందిన 12 గంటల్లో, ఆ ప్రాంతం నుంచి జనం ఎటు కదులుతున్నారో పరిశోధకులు సహాయ సంస్థలకు చెప్పగలిగారు. రోగం ఎటు పాకవచ్చో అంచనాకు అదొక ఆధారం.

అయితే ఈ హిసాబ్‌లో రెండు లోపాలున్నాయి. ఫోను లేనివాళ్లు ఇందులో కనబడరు. పసిపిల్లలు, ముసలివాళ్లు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మగవాళ్ల జేబులో ఉండే ఆడవాళ్లు: ఆపదలో అందరికన్నా మజ్‌బూర్ వీళ్లే. రెండోది, ఎవరు ఎక్కడ తలదాచుకున్నారో అన్నం పంపేవాడికి తెలిస్తే మేలు, వేటాడేవాడికి తెలిస్తే జుల్మ్. పేరు తీసేసినా, మనిషి రోజూ తిరిగే దారులను బట్టి అతన్ని పోల్చుకోవచ్చు.

2020 అక్టోబరు వానలకు పాతబస్తీ మొహల్లాలు మళ్లీ మునిగాయి. వాన ఇంకా వస్తుంది. ఏ బస్తీ జనం ఎటు పోతారో ముందే లెక్క కట్టాలి. ఫోనుకు అందని గడపల లెక్క బస్తీ పెద్దలు, మసీదు కమిటీలు, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి తీయాలి. ఆ వివరాలు జనం మనకప్పగించిన అమానత్. పని అయ్యాక చెరిపేయాలి. వేరే పనికి వాడుకునే హక్ ఎవరికీ లేదు.