పైకి మానిన పుండు

1964 అక్టోబరు. బ్రాటిస్లావా నుంచి వియన్నా పట్టుమని వంద కిలోమీటర్లు కూడా ఉండదు. కానీ మధ్యలో ముళ్లకంచె, తుపాకుల కాపలా. డాక్టర్ యాన్ విల్చెక్, ఆయన భార్య మారిత్సా కొద్దిరోజుల్లో వచ్చేస్తామని చెప్పి అనుమతి కాగితాలు సంపాదించారు. మళ్లీ వెనక్కి రాలేదు. ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని బతకడం ఆయనకు కొత్త కాదు. యూదుల బిడ్డ కావడంతో హిట్లర్ యుద్ధకాలంలో కొన్నాళ్లు క్రైస్తవ సన్యాసినుల అనాథాశ్రమంలో, తర్వాత తల్లితో కలిసి అజ్ఞాతంలో తలదాచుకున్నారు. 1965 ఆరంభానికి ఆ దంపతులు న్యూయార్క్ చేరారు. అక్కడి న్యూయార్క్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో ఆయనకు ఉద్యోగం దొరికింది.

రెండు దశాబ్దాలు దాటాక, చైనా నుంచి వచ్చిన శాస్త్రవేత్త జున్‌మింగ్ లెతో కలిసి విల్చెక్ అక్కడి ల్యాబ్‌లో ఒక యాంటీబాడీని తయారుచేశారు. ఒంట్లో మంటను ఎగదోసే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను అది పట్టి కట్టేస్తుంది. సెంటోకార్ కంపెనీ దాన్ని మనిషి ఒంటికి సరిపడేలా మార్చింది. రక్తం విషమయ్యే సెప్సిస్‌ను అది ఆపుతుందని అందరూ ఆశపడ్డారు. ఆపలేదు. మందు అటకెక్కేదే.

దాన్ని కిందికి దించినవారు ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు. సాండర్ వాన్ డెవెంటర్ బృందం దగ్గరికి ఒక బాలిక కేసు వచ్చింది. క్రోన్స్ జబ్బు. ఏ మందుకూ లొంగడం లేదు. ఇక ప్రయత్నించడానికి ఏమీ మిగలని స్థితిలో ఈ యాంటీబాడీని డ్రిప్‌లో ఎక్కించారు. పేగుల్లోని పుండ్లు మానాయి, పిల్ల తేరుకుంది. 1993లో ‘లాన్సెట్’ పత్రికలో ఆ సంగతి అచ్చయింది. ఆ ఊరట శాశ్వతం కాలేదు, నిజమే. కానీ తలుపు తెరుచుకుంది. ఆ మందే ఇన్‌ఫ్లిక్సిమాబ్.

క్రోన్స్ నోటి దగ్గర్నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆస్పత్రిలో బరిల్ క్రోన్, ఆయన సహచరులు 1932లో దీన్ని వర్ణించారు. పేగు పొరల్లోకి లోతుగా దిగే పుండ్లు ఆసనం దగ్గర పడితే చీము కండరాల మధ్య దారి చేసుకుంటుంది. ముందు సెగగడ్డలా వాచి, కూర్చోనివ్వదు, నిద్రపోనివ్వదు. పగిలితే నొప్పి తగ్గుతుంది కానీ దారి మిగిలిపోతుంది. అదే భగందరం (ఫిస్టులా), మన ఊళ్లలో లూటి. మామూలు లూటిని సర్జన్ చాలాసార్లు కోసి తెరిచి మాన్పగలడు. క్రోన్స్ ఉన్నవారిలో ఆ కోత నెలల తరబడి మానకపోవచ్చు. మలాన్ని పట్టి ఉంచే కండరం తెగితే, ఆపుకోలేని అవస్థ జీవితాంతం వెంటాడవచ్చు.

అదే మౌంట్ సైనాయ్‌కి చెందిన డేనియల్ ప్రెజెంట్, మరికొందరు వైద్యులు 94 మంది ఫిస్టులా రోగులపై ఈ మందును పరీక్షించారు. ఆ గదిని ఊహించుకోండి. రోగి పక్కకు ఒరిగి పడుకున్నాడు. డాక్టర్ గ్లవ్ తొడిగిన వేలితో రంధ్రం పక్కన మెల్లగా నొక్కుతాడు. చీము ఊరిందా, ఇంకా తెరిచే ఉన్నట్టు. ఊరలేదా, మూసుకున్నట్టు. ఏళ్లుగా బట్టలకు మరకలంటుతాయని భయపడుతూ తిరిగిన మనిషి ఆ కాసేపు ఊపిరి బిగబట్టే ఉంటాడు. 1999లో ఫలితం వచ్చింది. కిలోకు 5 మిల్లీగ్రాముల మోతాదులో మూడుసార్లు ఎక్కించుకున్నవారిలో 55 శాతం మందికి రంధ్రాలన్నీ ఆరిపోయాయి. ఉత్తుత్తి మందు అందినవారిలో 13 శాతం మందికే.

నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం ఇంకో అంకె. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవారిలో దాదాపు పదిమందిలో ఒకరికి కొత్తగా చీముగడ్డ వచ్చింది. చర్మం మీద నోరు మూసుకుంది, లోపలి దారి మూసుకోలేదు. బయటికి పోయే వీల్లేని చీము అక్కడే నిలిచి గడ్డకట్టింది. పైన మానితే చాలనుకోకూడదని వైద్యులకు ఇక్కడ తెలిసొచ్చింది. అందుకే ఇప్పుడు ముందు ఎంఆర్‌ఐ తీసి దారులు ఎటెటు పోయాయో చూస్తారు. మత్తు ఇచ్చి పరీక్షించి, గడ్డ ఉంటే చీము తీసేస్తారు. తర్వాత ఆ దారి గుండా మెత్తటి దారమో, సన్నటి రబ్బరు తీగో దూర్చి వదులుగా ముడివేస్తారు. సీటాన్ అంటారు దాన్ని. బిగించరు, కోయదు. చీము నిలవకుండా దారి తెరిచి ఉంచడమే దాని పని. వారాలో నెలలో అలాగే ఉంటుంది. స్నానానికీ నడకకూ అడ్డం కాదు. చీము ఖాళీ అయ్యాకే డ్రిప్ మొదలవుతుంది. గడ్డ ఉండగానే ఈ మందు ఎక్కిస్తే ఇన్‌ఫెక్షన్ ముదిరిపోవచ్చు. సర్జన్, గ్యాస్ట్రో డాక్టర్ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఈ జబ్బును అదుపు చేయలేరని నేను గట్టిగా నమ్ముతాను.

మందు మధ్యలో ఆపకూడదు కూడా. మొదట గుణం కనిపించినవారిలో ఎనిమిది వారాలకోసారి కొనసాగించినవారికి 54వ వారానికి 36 శాతం మందిలో రంధ్రాలన్నీ మూసుకుని ఉన్నాయి. ఆపేసినవారిలో 19 శాతం. గొప్ప అంకెలు కావు. అయినా అంతకుముందు చేతిలో ఉన్నదానికంటే ఎంతో మేలు.

మన దగ్గర ఇంకో చిక్కు క్షయ. పేగు టీబీ, క్రోన్స్ చూడ్డానికి అచ్చం ఒకేలా ఉంటాయి. అందుకే చాలామంది ముందు నెలల తరబడి టీబీ మాత్రలు మింగాల్సి వస్తుంది. పైగా టీఎన్‌ఎఫ్‌ను కట్టేస్తే ఒంట్లో నిద్రపోతున్న క్షయ లేవవచ్చు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్న 70 మందిలో క్షయ బయటపడిందని 2001లోనే వైద్య పత్రికలో వచ్చింది. కాబట్టి ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్షలు లేకుండా మొదటి డ్రిప్ పెట్టనివ్వకండి.

పాతికేళ్ల కుర్రాడికి ఒకేచోట మూడోసారి గడ్డ లేచిందనుకోండి. దాంతోపాటు విరేచనాలు, తగ్గిపోతున్న బరువు. ‘మొలలేలేరా, పత్యం చెయ్యి’ అంటారు ఇంట్లో పెద్దలు. సిగ్గుతో అతనూ నోరు మెదపడు. ఆ గడ్డను నాలుగోసారి కోయించే ముందు కొలనోస్కోపీ అడగాలి. ఆ మాట అతను అడగలేకపోతే పక్కన కూర్చున్న అన్నో, భార్యో డాక్టర్‌ను అడగాలి.