తొట్టి తగ్గింది, క్యాబిన్ పెరిగింది

1925 ఏప్రిల్‌లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ కారు వెనక ఉక్కు తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1917లో, టన్ను బరువు మోసే మోడల్ టీటీని అదే కంపెనీ తెచ్చింది గాని, ఇచ్చింది ఉత్త ఛాసిస్ మాత్రమే. పైన ఏం కట్టుకోవాలన్నది కొన్నవాడి తిప్పలు. రైతులు వడ్రంగిని పిలిచి చెక్కపెట్టె కొట్టించుకునేవారు. తొట్టితో సహా ఫ్యాక్టరీ గేటు దాటిన 1925 నాటి బండే ఫోర్డ్ పికప్పుల వంశానికి మూలపురుషుడు. ఇరవై గుర్రాల ఇంజను, ఇద్దరు ఒరుసుకుని కూర్చునే సీటు, కింద బరువుకు తట్టుకునే కమాన్ పట్టీలు, అంతే ఆ బండి. అందులో సుఖం లేదు, కావాలని అడిగినవాడూ లేడు. సరుకు సంతకు చేరాలి, చీకటిపడేలోగా ఇల్లు చేరాలి. ఆ నాటి నుంచి నేటి వరకు నడిచిన ఈ నూరేళ్ల కథను నేను ఒకే కొలతతో చదువుతాను. క్యాబిన్‌కూ తొట్టికీ నడుమ ఉన్న గోడ ఏ కాలంలో ఎక్కడుందో చూస్తే చాలు. తరాలు మారేకొద్దీ అది వెనక్కి జరుగుతూ వచ్చింది.

మొదటి పాతికేళ్లు ఆ గోడ పెద్దగా కదల్లేదు. ఆర్థిక మాంద్యం కొంత కాలాన్ని, యుద్ధం మరికొంత కాలాన్ని మింగేశాయి. యుద్ధం ముగిశాక కంపెనీలు ఇంజను మీద కన్నా మనిషి మీద దృష్టి పెట్టడం మొదటి మలుపు. 1947 వేసవిలో షెవ్రొలె తన ‘అడ్వాన్స్ డిజైన్’ ట్రక్కులను విడుదల చేసింది. ముగ్గురు పక్కపక్కన కూర్చోగల వెడల్పు, ముందుకూ వెనక్కూ జరిగే సీటు ఇచ్చింది. బయటి గాలిని లోపలికి లాగి వెచ్చజేసి వదిలే ఏర్పాటు కూడా ఉండడంతో, ఇది ఊపిరి పీల్చే క్యాబిన్ అని ప్రకటనలు వేసుకుంది. మరుసటి ఏడాది ఫోర్డ్ ఎఫ్-1తో జవాబు చెప్పింది. నేటికీ నడుస్తున్న ఎఫ్ వరసకు అదే తొలి బండి. పది లక్షల డాలర్లు పోసి తయారుచేసిన క్యాబిన్ అని ఫోర్డ్ చాటుకుంది. అంత ఖర్చు పెట్టినా పక్క సీటు ముందు అద్దానికి వైపరు కావాలంటే మాత్రం అదనంగా డబ్బు కట్టాల్సిందే. డ్రైవరుకు దారి కనిపిస్తే చాలు, పక్కన కూర్చున్నవాడికి వానలో దారి ఎందుకనుకున్నారో ఏమో!

1950ల మధ్యకు అమెరికాలో ఊరి చివర్ల కొత్త కాలనీలు వెలిశాయి. ట్రక్కు పొలం గట్టు దిగి ఇంటి ముందుకు వచ్చింది. 1955లో షెవ్రొలె తెచ్చిన క్యామియో కారులా నునుపైన పక్కలతో, తెలుపూ ఎరుపూ కలిసిన సింగారంతో మెరిసింది. నాలుగేళ్లలో అమ్ముడైనవి సుమారు పది వేలే గాని, ట్రక్కును ముచ్చటపడి కొనేవాళ్లు కూడా ఉంటారని ఆ బండి రుజువు చేసింది. 1957లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ‘ట్రావెలెట్’ పేరుతో వెనక సీటు కూడా ఉన్న పికప్పును చేసింది. రైలు మార్గాల మీదా, కరెంటు లైన్ల మీదా పనిచేసే కూలీల జట్టును ఒకే బండిలో చేర్చడానికి అలాంటిది అవసరమైంది. నేడు పిల్లల సీట్లు బిగించుకుంటున్న నాలుగు తలుపుల క్యాబిన్ పుట్టింది ఆ శ్రామికుల కోసమే.

ఈ చరిత్రలో నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం ఇక్కడి నుంచి మొదలవుతుంది. బరువు మోయడానికి కమాన్ పట్టీలను మించినవి లేవు. కానీ వెయ్యి పౌన్ల లోడుకు సిద్ధంగా ఉన్న పట్టీలు ఖాళీ తొట్టికి వంగవు. అందుకే గుంతల్లో ఖాళీ ట్రక్కు ఎగిరెగిరి పడుతుంది. ఈ చిక్కును విప్పడానికి 1960లో షెవ్రొలె సాహసించింది. ముందు చక్రాలను ఒకే ఇరుసుకు కట్టకుండా విడివిడిగా ఆడనిచ్చి, మెలితిరిగే ఉక్కు కడ్డీల మీద నిలిపింది. తేలికరకం సీ-10లో వెనక పట్టీలు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టింది. 1965లో ఫోర్డ్ ముందు వైపు రెండు ఇనుప దూలాలతో ‘ట్విన్ ఐ-బీమ్’ ఏర్పాటు చేసి తనదైన దారి పట్టింది. అయితే 1973 నమూనాతో షెవ్రొలె వెనక కాయిళ్లను వదిలేసి మళ్లీ పట్టీలకే మళ్లింది. మరో ముప్పై ఆరేళ్లకు, 2009 మోడల్ రామ్ 1500లో డాడ్జ్ వెనక కాయిళ్లు పెట్టినప్పుడు అందరూ అది కొత్త వింత అన్నారు. సీ-10 తోలిన పెద్దవాళ్లు నవ్వుకునే ఉంటారు.

ఈ పోటీ ముగ్గురు నలుగురు అమెరికన్ల నడుమే ఎందుకు సాగిందో అర్థం కావాలంటే కోళ్ల సంగతి చెప్పుకోవాలి. అమెరికా కోళ్ల మీద ఐరోపా దేశాలు సుంకాలు పెంచగా, 1964 నుంచి అమలయ్యేలా దిగుమతి తేలిక ట్రక్కుల మీద అమెరికా 25 శాతం సుంకం వేసింది. అది నేటికీ పోలేదు. పెద్ద పికప్పుల బజారులో నిలబడాలంటే అమెరికాలోనే ఫ్యాక్టరీ పెట్టాలని టొయోటా తేల్చుకుంది. ముందు ఇండియానాలో, తర్వాత టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో టండ్రాను తయారుచేసింది.

గోడ గట్టిగా వెనక్కి జరిగింది 1970లలోనే. 1973 డాడ్జ్ క్లబ్ క్యాబ్ సీటు వెనక ఇంకాస్త చోటు కల్పించి, పక్కకు తిరిగి కూర్చునే చిన్న మడత సీట్లు ఇచ్చింది. మరుసటి ఏడాది ఫోర్డ్ సూపర్ క్యాబ్ వచ్చింది. మోకాళ్లు గడ్డానికి తగిలే ఆ సీట్లలో ఎదిగిన పిల్లలే పెద్దయ్యాక నిండు సీట్లు అడిగారేమో. 1994 డాడ్జ్ రామ్ మధ్య సీటును మడిస్తే కాగితాలు పెట్టుకునే బల్ల అయింది, కాంట్రాక్టరుకు ట్రక్కే ఆఫీసయింది. 2001 మోడల్ ఎఫ్-150 సూపర్ క్రూ నాలుగు నిండు తలుపులతో వచ్చి, తొట్టిని అయిదున్నర అడుగులకు కుదించింది. ఎనిమిది అడుగుల ప్లైవుడ్ షీటు పరిచినా వెనక తలుపు మూతపడే తొట్టిని, కుటుంబం కోసం జనం సంతోషంగా వదులుకున్నారు. అదే ఏడాది వచ్చిన కింగ్ రాంచ్ రకంలో తోలు సీట్లు పరిచి, 1853లో పుట్టిన టెక్సస్ పశుక్షేత్రం పేరు పెట్టారు. పశువుల కాపరి బండి దొరల వాహనమైంది. ఆ తర్వాత రామ్‌కు గాలి సంచుల సస్పెన్షన్ (2013), ఎఫ్-150కి అల్యూమినియం బాడీ (2015), టండ్రాకు వెనక కాయిళ్లు (2022) వచ్చాయి. ఎఫ్-150, షెవ్రొలె సిల్వరాడో 1500లు మాత్రం మామూలు పెట్రోలు రకాల్లో పట్టీలను వదల్లేదు. వాటి అభిమానులు దాన్ని లోపమని ఒప్పుకోరు.

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కోల్లో స్థిరపడిన తెలుగువారు సెడాన్లతో, తర్వాత మినీవ్యాన్లతో మొదలుపెట్టి, ఇప్పుడు అక్కడక్కడా పికప్పు వైపు చూస్తున్నారు. మన శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ చేసే వీ-క్రాస్ చూసినవారికి ఈ వాహనం రూపం పరిచయమే గాని, అమెరికా పెద్ద ట్రక్కు కొలతలు వేరు. నాలుగు తలుపుల ఎఫ్-150 అయిదున్నర అడుగుల తొట్టితోనే సుమారు 19.3 అడుగులు, ఆరున్నర అడుగుల తొట్టితో 20.3 అడుగులు ఉంటుంది. మామూలు ఇంటి గ్యారేజీ లోతు ఇరవై అడుగులే. తొట్టి పొడవులోని ఆ అడుగు తేడాతో తలుపు మూతపడక చాలామంది బండిని బయటే పెడుతున్నారు.

పెద్దదయితే మెత్తగా ఉంటుందని 2500 అంకె బండి కొనేవారూ ఉన్నారు. ఎఫ్-250, సిల్వరాడో 2500 వంటివి భారీ లోడు కోసం కట్టినవి. వాటి స్ప్రింగులూ, ఎక్కువ గాలి ఒత్తిడితో నడిచే మందపాటి టైర్లూ ఖాళీగా వెళ్తే ఒళ్లు హూనం చేస్తాయి. సుఖం కావాలంటే 1500, 150 అంకెల బళ్లే చాలు. వాటిలోనూ 22 అంగుళాల చక్రాలు చూడ్డానికి బాగుంటాయి గాని, పక్క రబ్బరు పలచబడి ప్రతి అతుకూ నడుముకు తెలుస్తుంది, 18 అంగుళాలే నయం. షోరూములో సీటు మెత్తదనం చూసి మురిసిపోయే ముందు డ్రైవరు తలుపు తీసి స్తంభం మీద అతికించిన పసుపు చీటీ చదవాలి. మనుషులూ సామానూ కలిపి ఆ బండి మోయగల బరువెంతో అందులో ఉంటుంది. వెనక ట్రైలరు కడితే దాని మూతి బరువు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అద్దాల పైకప్పు, కరెంటుతో దిగే మెట్లు, మర్దన చేసే సీట్లు ఒక్కొక్కటీ ఆ అంకెలోంచే కోత కోస్తాయి. ఒకే ఇంజను, ఒకే పేరు గల రెండు బళ్లు పక్కపక్కన నిలబెట్టి చూడండి, ఖరీదైనదాని చీటీ మీద అంకె చాలాసార్లు చిన్నదిగా ఉంటుంది.