ఉదయగిరి రాళ్లు, విమ్ ట్యాగ్స్: వెతకడం వెనక ఉన్న కథ

ఈ రోజు పెద్ద కోడ్‌లో ఒక ఫంక్షన్‌ని క్షణంలో ఎలా పట్టుకుంటామో చూద్దాం. కానీ ముందు ఉదయగిరి వెళ్దాం.

1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి కోట గెలిచాడు. అలాంటి చరిత్ర మనకి ఎక్కువగా రాళ్ల మీదే దొరుకుతుంది. మరి ఏ రాయి ఏ ఊళ్లో ఉందో తెలిసేదెలా? 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు భాగాలుగా అచ్చువేయించారు. ఆత్మకూరు, ఉదయగిరి... ఇలా తాలూకా పేరు, దాని కింద నంబరు. చరిత్రకారులు ఇప్పటికీ ఆ నంబర్లే చెప్తారు.

1970ల చివర్లో బర్కిలీలో కెన్ ఆర్నాల్డ్ రాసిన సీట్యాగ్స్ చేసేదీ ఇదే. ఫంక్షన్ పేరు, ఏ ఫైల్, అందులో ఎక్కడ: ఒక్కోదానికి ఒక్క లైన్. పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి కాబట్టి విమ్ మధ్యకి దూకి, అక్కర్లేని సగం వదిలేసి, మిగతా సగంలో మళ్లీ మధ్యకి దూకుతుంది. పది లక్షల పేర్లున్నా దాదాపు 20 సార్లు చూస్తే చాలు!

అయితే జాబితా పాతబడుతుంది. ఆ పుస్తకంలో నెల్లూరులో ఉన్న కనిగిరి 1970లో వేరే జిల్లాకి వెళ్లింది. కోడ్ మారితే ఒక్క కమాండ్‌తో ట్యాగ్స్ మళ్లీ తయారవుతాయి. రాయి పగిలిపోతే మాత్రం ఏ కమాండూ దాన్ని తిరిగి తేలేదు.

మీ ఊరి గుడి దగ్గర అక్షరాలున్న రాయి కనిపిస్తే, ఫోటో తీసి, ఊరి పేరు, చోటు రాసిపెట్టండి. అదీ ఒక ట్యాగే. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!