కప్పు గెలిచిన టీంకి జీతాలెందుకు ఆగాయి?

ఎపిసోడ్‌లో తొందర తొందరగా చెప్పిన లెక్కల్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

2022 మార్చి 20. మస్కట్‌లో మా రూంలో ఫోన్ గోడకి ఆనించి ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ చూస్తున్నాం. గోవాలో మ్యాచ్, హైదరాబాద్ ఎఫ్‌సీకి కేరళ బ్లాస్టర్స్‌తో. రూంలో ఎనిమిది మంది మలయాళీలు, మన పక్క నేను, జగిత్యాల తమ్ముడు ఒకడు. ముందు గోల్ వాళ్లదే. 88వ నిమిషంలో మనోళ్లు సమం చేశారు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపేశాడు. 3-1. పందెం ఓడిన చేటన్ అందరికీ బిర్యానీ పెట్టించాడు.

ఆ గెలుపుకి వచ్చిన ప్రైజ్ మనీ 6 కోట్లు. రన్నరప్‌కి 3 కోట్లు, సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ చెరో కోటిన్నర, లీగ్ దశలో మొదట నిలిచిన జంషెడ్‌పూర్‌కి 3.5 కోట్లు. మొత్తం పదిహేనున్నర కోట్లు. మిగతా క్లబ్బులకి ప్రైజ్ సున్నా.

ఇక కట్టేది చూడండి. లీగ్‌లో ఉండటానికి అప్పట్లో ఒక్కో ఫ్రాంచైజీ ఏటా కట్టిన ఫీజు 12 నుంచి 16 కోట్ల దాకా అని పత్రికల్లో వచ్చింది. ఆటగాళ్ల జీతాలకి పెట్టిన పరిమితి 16.5 కోట్లు. స్పాన్సర్లు, టీవీ ద్వారా లీగ్‌కి వచ్చేదాంట్లో క్లబ్బులకి వాటా ఉండేది, కాదనను. కానీ కప్పు ఎత్తిన టీంకి కూడా ప్రైజ్ డబ్బుతో ఆ ఏడాది ఫీజులో సగానికి మించి తీరదు. ఫీజు కచ్చితం, ప్రైజ్ అదృష్టం. వీసాకి అప్పు చేసి ఏజెంటుకి కట్టొచ్చిన మనకి ఈ లెక్క కొత్తగా చెప్పాలా?

ఇది ఎప్పుడూ ఇట్లనే లేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ టీం. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆడేవాళ్లు పోలీసు ఉద్యోగులు. గెలిచినా ఓడినా జీతం డిపార్ట్‌మెంటు ఇచ్చేది, ఫ్రాంచైజీ ఫీజు అనే మాటే లేదు. అందులో ఎవరూ కోటీశ్వరులు కాలేదు, అది వేరే సంగతి.

2010 డిసెంబర్‌లో ఫెడరేషన్ తన వ్యాపార హక్కుల్ని 15 ఏళ్లకి, 700 కోట్లకి, ఐఎంజీ-రిలయన్స్‌కి ఇచ్చింది. 2014లో ఎనిమిది ఫ్రాంచైజీలతో కొత్త లీగ్ మొదలైంది. పాత ఐ-లీగ్ కింద మిగిలిపోయింది, అక్కడ విజేతకి కోటి రూపాయలు ఇచ్చేవారు. ఐ-లీగ్ గెలిచి పైకొచ్చే క్లబ్బు ఫీజు కట్టక్కర్లేదన్న నిబంధన తర్వాత వచ్చింది. దాంతో 2023లో మొదట ఎక్కింది పంజాబ్.

సరిగ్గా అదే సీజన్లో మన హైదరాబాద్ కూలింది. జీతాలు రాలేదని ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బాకీల మీద ఫిఫా కొత్త ఆటగాళ్లని తీసుకోకుండా నిషేధం పెట్టింది. కుర్రాళ్లతో లాగించిన ఆ జట్టు 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది. కప్పు ఎత్తి రెండేళ్లే అయింది.

నాకు ఇక్కడే ఒక విషయం తట్టింది. ఫిఫా రూల్ ప్రకారం రెండు నెలల జీతం ఆగితే, ఆటగాడు నోటీసిచ్చి 15 రోజులు చూసి, కాంట్రాక్టు తెంచుకుని వెళ్లిపోవచ్చు. 2018లో పెట్టిన రూల్ అది. నాకు ఒకప్పుడు ఒక కంపెనీలో నాలుగు నెలల జీతం ఆగింది. పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉంది. వెళ్లిపోయే హక్కు ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది.

అయితే ఫిఫా దాకా పోయేది సాధారణంగా విదేశీ ఆటగాడే. మన దేశపు ఆటగాడి తగాదా ఫెడరేషన్ కమిటీ దగ్గరికి పోతుంది. గడ్డి కోసేవాడు, బస్సు డ్రైవరు, బట్టలుతికేవాడు? వాళ్ల బాకీకి ఏ క్లబ్బు మీదా ట్రాన్స్‌ఫర్ నిషేధం పడదు. ప్రైజ్ మనీ పట్టికలో రన్నరప్‌కి ఒక గడి ఉంది, సెమీస్‌లో ఓడినవాడికీ ఉంది. జీతాలు ఆగితే వాడుకోవడానికి క్లబ్బు ఫీజులోంచి కొంత పక్కన పెట్టి ఉంటే ఏమయ్యేదని నేను, జగిత్యాల తమ్ముడు ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం. వాడేమో ముందు ఫీజు తగ్గించాలంటాడు.

2025లో ఆ పదిహేనేళ్ల ఒప్పందం ముగింపుకొచ్చింది. కొత్తది తేలక జులైలో సీజన్ ఆపేశారు, కొన్ని క్లబ్బులు జీతాలు నిలిపేశాయి. చేటన్ మొన్న ఫోన్ చేసి, ఈసారి మీవాళ్లూ మావాళ్లూ ఒకే క్యూలో నిలబడ్డారు అన్నాడు. బిర్యానీ ఎవరు పెట్టించాలో మాత్రం తేల్లేదు.